తొలి 200 కిలోమీటర్ల సైకిల్ రైడ్‌కి ముందు ఇది ఒక్కసారి వినండి

ఈ ఎపిసోడ్ చేయమని చాలామంది చాలా రోజులుగా అడుగుతున్నారు. "అన్నా, వీకెండ్‌లో 40, 50 కిలోమీటర్లు కొడుతున్నాం, ఇప్పుడు 200 ట్రై చేద్దామనుకుంటున్నాం, ఏ సైకిల్ కొనాలి?" అని. సైకిల్ గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం. ఈ రోజు మాట్లాడేది సైకిల్ గురించి కాదు, మీరు ఇంటికి తిరిగి రావడం గురించి. భయపెడుతున్నానని అనుకోకండి. ముందు నాకు జరిగింది చెప్తాను, అప్పుడు మీకే అర్థమవుతుంది.

రెండేళ్ళ కిందట, వరి కోతల టైమ్. నల్గొండ దాటి మిర్యాలగూడ వైపు ఒక్కణ్ణే వెళ్తున్నాను. తెల్లవారుజామున నాలుగు ముప్పావు. చలి, చీకటి, రోడ్డు ఖాళీ. ఆ ఏరియా మీకు తెలుసు కదా, కోతలప్పుడు రోడ్డు పక్కనంతా వడ్లు ఆరబోస్తారు. రాత్రి మంచుకి తడవకుండా కుప్ప చేసి, పైన నల్ల పరదా కప్పి, బండ్లు ఎక్కకుండా చుట్టూ తలకాయంత రాళ్ళు పెడతారు. నేనేమో ఛార్జింగ్ ఆదా చేద్దామని ముందు లైటు లో మోడ్‌లో పెట్టాను. నల్ల రోడ్డు, నల్ల పరదా, రాయి కూడా నలుపే. కనిపించేసరికి దాని మీదే ఉన్నాను. ముందు చక్రం ఆగిపోయింది, నేను ఆగలేదు. రోడ్డుకి కుడివైపు, అంటే బండ్లు వెళ్ళే వైపు పడ్డాను.

వెనకాల ఒక డీసీఎం వస్తోంది. ఆ డ్రైవర్ బ్రేక్ వేసి, పక్కకి కోసి, నాకు పది అడుగుల దూరంలో ఆపాడు. తర్వాత ఆయన చెప్పింది ఒకటే మాట: "నీ ఎర్ర లైటు దూరం నుంచే చూసిన అన్నా, అప్పటికే స్లో చేసిన." అంటే చూడండి, ముందు లైటు విషయంలో నేను చేసిన తప్పు నన్ను పడేసింది, వెనక లైటు విషయంలో చేసిన మంచిపని నన్ను బతికించింది. కాలర్ బోన్ విరిగింది, హెల్మెట్ రెండు చోట్ల పగిలింది. తల మాత్రం పగల్లేదు.

ఆ రైతుని నేను తిట్టను. పండిన పంట ఆరబెట్టుకోడానికి కల్లం లేక రోడ్డు మీదికి వచ్చాడు. రోడ్డు మీద ఏముంటుందో తెలిసి కూడా లైటు తగ్గించింది నేను.

సరే, ఇక్కడి నుంచి అసలు విషయానికి వద్దాం. లాంగ్ డిస్టెన్స్ సైక్లింగ్‌లో "బ్రెవే" అనేది ఒకటుంటుంది. ఫ్రాన్స్‌లోని ఆడాక్స్ క్లబ్ పారిసియన్ అనే సంస్థ రూల్స్ ప్రకారం ప్రపంచమంతా నడుస్తుంది. మన దేశంలో ఆడాక్స్ ఇండియా రాండోనియర్స్ చూసుకుంటుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ, ఇలా మన ఊళ్ళలోనూ జరుగుతుంటాయి. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు, 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40 గంటలు టైమ్ ఇస్తారు. ఇది రేస్ కాదు. ఫస్ట్ వచ్చినవాడికీ లాస్ట్ వచ్చినవాడికీ ఒకటే గుర్తింపు. లెక్క వేస్తే ఆగడాలు, తినడాలు అన్నీ కలుపుకుని గంటకి 15 కిలోమీటర్లు సరిపోతుంది. అంత నెమ్మది ఆట ఇది. అలాంటి ఆటలో తొందరపడి ప్రాణం మీదికి తెచ్చుకోవడంలో అర్థమే లేదు.

ఈ బ్రెవేల్లో ఒక రూల్ ఉంది. చీకటి పడితే రిఫ్లెక్టివ్ జాకెట్ వేసుకోవాలి, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు ఉండాలి. పగలే కదా పూర్తిచేసేది, మనకెందుకులే అనుకుంటారు కొత్తవాళ్ళు. 200 రైడ్ సాధారణంగా తెల్లారకముందే మొదలవుతుంది. రెండు పంక్చర్లు పడి, ఒక గంట ఎండకి ఆగారంటే, ముగించేటప్పుడు మళ్ళీ చీకటే.

ఇప్పుడు చిన్న లెక్క. గంటకి 80 కిలోమీటర్ల స్పీడ్‌లో ఉన్న కారు సెకనుకి 22 మీటర్లు పోతుంది. డ్రైవర్ ఏదో చూసి, అదేంటో అర్థం చేసుకుని, బ్రేక్ మీద కాలు వేయడానికి ఒకటిన్నర సెకను అనుకుందాం. ఆ లోపే 33 మీటర్లు అయిపోయాయి. ఇంకా బ్రేకే పట్టలేదు! పొడి రోడ్డు మీద పూర్తిగా ఆగడానికి ఇంకో 35 మీటర్లు. మొత్తం 70 మీటర్ల దగ్గర దగ్గర. డిమ్ లైట్ వెలుగులో నల్ల బట్టలు వేసుకున్న మనిషి అంత దూరం నుంచి కనిపించడు. అంటే ఆ డ్రైవర్ ఎంత మంచివాడైనా, తాగకపోయినా, ఫోన్ చూడకపోయినా, మిమ్మల్ని గుద్దకుండా ఆపలేడు. లెక్క ఒప్పుకోదు. ఆ 70 మీటర్లని 300 మీటర్లు చేయడం మన చేతిలో ఉంది, దానికి ఒక జాకెట్, రెండు వెనక లైట్లు చాలు.

రెండు అని ఎందుకు అంటున్నానంటే, వెనక లైటు ఆగిపోతే మీకు తెలీదు. ముందు లైటు ఆరిపోతే వెంటనే తెలుస్తుంది, వెనకది ఎప్పుడు ఆరిపోయిందో వెనకొచ్చేవాడికే తెలుస్తుంది. అందుకని ఒకటి సీటు కింద, ఒకటి హెల్మెట్ మీదో బ్యాగ్ మీదో. రెండోదాన్ని ఎప్పుడూ ఫుల్ ఛార్జ్‌లో ఉంచండి. పగలు బ్లింక్ మోడ్ పర్లేదు, బాగా కంటపడుతుంది. రాత్రి మాత్రం కనీసం ఒక లైటు ఆగకుండా వెలుగుతూ ఉండాలి. అదేపనిగా మిణుకు మిణుకుమనే లైటు ఎంత దూరంలో ఉందో అంచనా వేయడం డ్రైవర్‌కి కష్టం. గ్రూపులో వెళ్తే మీ వెనకాల ఉన్నవాడి కళ్ళు కూడా పోతాయి.

ఇంకొకటి. జాకెట్‌కి ఖర్చు పెట్టేవాళ్ళు చాలామంది కాళ్ళ గురించి మర్చిపోతారు. మడమల దగ్గర ఒక్కో రిఫ్లెక్టివ్ పట్టీ కట్టండి. పెడల్ తొక్కుతుంటే అవి పైకీ కిందికీ ఆడతాయి. ఆ కదలిక చూడగానే "ఓ, మనిషి!" అని డ్రైవర్ మెదడుకి ఠక్కున తెలుస్తుంది. కదలకుండా మెరిసేది కిలోమీటర్ రాయి కూడా కావచ్చు కదా. ఇంత తక్కువ ఖర్చులో ఇంత పని చేసే వస్తువు సైకిల్ షాపులో ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

ముందు లైటు గురించి ఇక చెప్పేదేముంది, నా కాలర్ బోన్ చెప్పింది. ఛార్జింగ్ సరిపోదనిపిస్తే పవర్ బ్యాంక్ మోయండి, వెలుతురు మాత్రం తగ్గించకండి. రాత్రి మీ స్పీడ్ మీ లైటు పడే దూరంలో ఆగగలిగేంతే ఉండాలి.

ఇప్పుడు రోడ్డు మీదికి వద్దాం. ఏ రోడ్డులో వెళ్ళొచ్చు అనేది ముందే చూసుకోండి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు, నున్నగా ఉంటుంది, చూస్తే నోరూరుతుంది. కానీ మెయిన్ క్యారేజ్‌వే మీదికి టూవీలర్లకే ఎంట్రీ లేదు, సైకిళ్ళ మాట ఎక్కడిది. సర్వీస్ రోడ్డు వాడుకోవాలి. పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది, ప్రాక్టీస్‌కి అది చక్కగా ఉంటుంది. విజయవాడ హైవే, బెంగళూరు హైవే లాంటివైతే మనవాళ్ళు తొక్కుతూనే ఉంటారు.

ఈ నాలుగు లైన్ల హైవేల మీద నన్నడిగితే వెనక నుంచి వచ్చే లారీ కంటే ఎదురుగా వచ్చే బైకే పెద్ద గండం. రాంగ్ రూట్. యూ టర్న్ కిలోమీటర్ అవతల ఉందని, మన షోల్డర్ లేన్‌లోనే ఎదురొచ్చేస్తాడు. పొద్దున పాల క్యాన్లు, సాయంత్రం ముగ్గురెక్కిన బండి, లైట్ ఉండదు. కొత్తవాళ్ళు ఏం చేస్తారంటే, కంగారుపడి కుడివైపుకి, మెయిన్ లేన్‌లోకి తిప్పేస్తారు. అక్కడ వెనక బస్సు ఉంటే అంతే. నేను చేసేది చెప్తాను. దూరంగా కనిపించగానే తొక్కడం ఆపేస్తాను, ఒక చెయ్యి పైకెత్తుతాను, నా ఎడమ అంచుకి జరిగి, అవసరమైతే కాలు కింద పెట్టి ఆగిపోతాను. వాడే చుట్టూ తిరిగి పోతాడు. "తప్పు వాడిది, నేనెందుకు ఆగాలి" అనే పౌరుషం వస్తుంది, నాకూ వస్తుంది. హాస్పిటల్ బెడ్ మీద పడుకుని తప్పెవరిదో తేల్చుకునే ఓపిక నాకు లేదు.

సింగిల్ రోడ్డులో ఇంకో కథ. ఎదురుగా ఒక బస్సు ఇంకో లారీని ఓవర్‌టేక్ చేస్తూ మీ వైపంతా ఆక్రమించి వచ్చేస్తుంది. సైకిల్ వాడు దిగిపోతాడులే అన్నది డ్రైవర్ లెక్క. ఆ లెక్క అన్యాయమే, కానీ ఆ క్షణంలో దిగిపోవడమే మనం చేయాల్సింది. అసలు జాగ్రత్త దిగడంలో కాదు, మళ్ళీ ఎక్కడంలో ఉంది. తారు రోడ్డుకీ మట్టికీ మధ్య జానెడు ఎత్తు తేడా ఉంటుంది కదా, ఆ అంచుని పక్క పక్కనే ఏటవాలుగా ఎక్కడానికి చూస్తే చక్రం ఆ అంచుని రాసుకుని మిమ్మల్ని రోడ్డు మధ్యలోకి విసిరేస్తుంది. చాలా పడిపోవడాలు ఇలాగే జరుగుతాయి. కాబట్టి పూర్తిగా ఆగండి, దిగండి, సైకిల్ ఎత్తి రోడ్డు మీద పెట్టి, వెనక చూసుకుని మళ్ళీ ఎక్కండి. ఇరవై సెకన్ల పని.

ఫ్లైఓవర్ల దగ్గర ఎడమవైపు సర్వీస్ రోడ్డుకి దిగే దారి చీలుతుంది. మీరు నేరుగా వెళ్ళాలి, వెనకొచ్చే కారు ఎడమకి దిగాలి, మీరు సరిగ్గా అతని దారిలో ఉంటారు. అక్కడ వెనక్కి తిరిగి చూసి, చేత్తో సిగ్నల్ ఇచ్చి, ఖాళీ దొరికాకే దాటండి. హ్యాండిల్‌కి ఒక చిన్న అద్దం పెట్టించుకోండి, ఫ్యాషన్ కాదని సిగ్గుపడకండి. ఇయర్‌ఫోన్స్ మాత్రం వద్దు, ఒక చెవికి కూడా వద్దు. మన రోడ్లమీద హారన్ అంటే తిట్టు కాదు, సమాచారం. పొట్టిగా కొడితే "వస్తున్నా" అని. ఆపకుండా మోగిస్తూనే ఉన్నాడంటే అక్కడ చోటు లేదు, దిగిపో అని. ఆ తేడా చెవికే తెలుస్తుంది.

లారీ పక్క నుంచి దాటేటప్పుడు గాలి ముందు నెడుతుంది, తర్వాత లోపలికి లాగుతుంది. హ్యాండిల్ గట్టిగా బిగించి పట్టుకోకండి, మోచేతులు కొంచెం వదులుగా ఉంచండి. ట్రాక్టర్ వెనకాల, లారీ వెనకాల గాలి తగలకుండా హాయిగా ఉంటుందని అంటుకుని తొక్కేవాళ్ళని చూశాను, రీల్స్ కూడా చేస్తున్నారు. ముందున్న గుంతని లారీ డ్రైవర్ చూస్తాడు, మీరు చూడలేరు. ఇంకేం చెప్పను.

ఘాట్లు. అరకు వెళ్ళే అనంతగిరి ఘాట్, శ్రీశైలం ఘాట్ అంటే అందరికీ ఇష్టం. ఎక్కడం కష్టం, దిగడం ప్రమాదం. మలుపులో బ్రేక్ వేయకూడదు, మలుపుకి ముందే స్పీడ్ తగ్గించుకోవాలి. రెండు బ్రేకులూ వాడాలి. ముందు బ్రేకే ఎక్కువ ఆపుతుంది, కానీ ఒక్కసారిగా పిండితే ఎగిరి అవతల పడతారు. మీది రిమ్ బ్రేక్ సైకిల్ అయితే కిందివరకూ పట్టుకునే ఉండకండి. రిమ్ వేడెక్కి ట్యూబ్ పేలే అవకాశం ఉంది. పట్టి, వదిలి, పట్టి, వదిలి దిగండి, మధ్యలో ఒకచోట ఆగి చల్లారనివ్వండి. శ్రీశైలం దారి టైగర్ రిజర్వ్ గుండా పోతుంది, రాత్రిపూట చెక్‌పోస్ట్ దగ్గర గేటు మూసేస్తారు. ఆ టైమ్ లెక్క చూసుకోకుండా బయల్దేరితే రాత్రంతా గేటు దగ్గరే.

కుక్కలు! దీని గురించి అడగనివాళ్ళు లేరు. తరుముతున్నప్పుడు స్పీడ్ పెంచి పారిపోదామనుకుంటాం. నిజంగా పడిపోయేది కరిచినందుకు కాదు, కంగారులో అడ్డదిడ్డంగా తిప్పినందుకు, చక్రం కింద కుక్క పడినందుకు. చాలాసార్లు ఆగిపోతే అదీ ఆగిపోతుంది. దిగి, సైకిల్‌ని మీకూ దానికీ మధ్యలో పెట్టుకుని, గట్టిగా ఒక కేక వేసి, నెమ్మదిగా నడుస్తూ దాని ఏరియా దాటండి. ఒకవేళ కరిస్తే, చిన్న గీత పడినా సరే, సబ్బుతో పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టండి. రైడ్ పూర్తి చేసి చూద్దాం అనే మాట రేబిస్ దగ్గర పనికిరాదు.

ఇప్పుడు ఒంటి గురించి. మన ఎండ సంగతి వేరే చెప్పాలా. ఏప్రిల్, మే నెలల్లో ఖమ్మం, నల్గొండ, రామగుండం వైపు నలభై దాటేస్తుంది. ఆ రెండు నెలలు లాంగ్ రైడ్ పెట్టుకోకపోతే మంచిది. తప్పదంటే తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి, పదకొండు నుంచి మూడు వరకు ఏ చెట్టు కిందో, దాబాలోనో ఆగిపోండి. ఎండలో కష్టపడి తొక్కేటప్పుడు గంటకి ఒక లీటరు చెమట పోవడం మామూలే. పోయేది నీళ్ళు ఒక్కటే కాదు, ఉప్పు కూడా. మంచిదే కదా అని ఉత్త నీళ్ళే లీటర్లు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, తికమక, ఇంకా ముదిరితే ఫిట్స్ కూడా వస్తాయి. అందుకని ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి, ప్యాకెట్ మీద ఎంత రాసుంటే అన్ని నీళ్ళలోనే కలపండి. దారిలో ఉప్పేసిన మజ్జిగ, ఉప్పు నిమ్మకాయ సోడా, అరటిపండు, పల్లీ చిక్కీ, ఇడ్లీ... మన దారుల్లో దొరికే తిండి ఈ పనికే పుట్టినట్టు ఉంటుంది. బిర్యానీ మాత్రం ఫినిష్ అయ్యాక.

తోటివాడు ఎండలో తొక్కుతూ తొక్కుతూ సంబంధం లేకుండా మాట్లాడుతున్నాడు, తూలుతున్నాడు అంటే జోక్ చేయకండి. అది వడదెబ్బ. నీడలోకి తీసుకెళ్ళి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోసి, గాలి విసురుతూనే 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా చల్లబరచడం ఆపకూడదు. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్ళు పోయకూడదు.

300 దాటాక అసలు శత్రువు నిద్ర. రాత్రి రెండు నుంచి ఐదు మధ్య మెదడు తనంతట తానే స్విచ్ ఆఫ్ అయిపోవాలని చూస్తుంది. కళ్ళు తెరిచే ఉంటాయి, రెండు మూడు సెకన్లు మీరు ఉండరు. గంటకి 20 స్పీడ్‌లో మూడు సెకన్లు అంటే 16 మీటర్లకి పైనే. గత కిలోమీటర్ ఎలా వచ్చారో గుర్తులేకపోతే, వెలుగుతున్న లైను పాములా కదులుతున్నట్టు కనిపిస్తే, అప్పటికే ఆలస్యం అయిందని అర్థం. పాటలు పాడుకోవడం, ముఖం కడుక్కోవడం ఒక పది నిమిషాలు పనిచేస్తాయేమో. నిద్రకి మందు నిద్రే. పెట్రోల్ బంక్ దగ్గర, లైటున్న చోట, రోడ్డుకి దూరంగా, ఇరవై నిమిషాలకి అలారం పెట్టుకుని పడుకోండి. పడుకునే ముందు ఒక కాఫీ తాగితే ఇంకా మంచిది, అది ఒంటికి ఎక్కేసరికి మీరు లేచే టైమ్ అవుతుంది. టైమ్ లిమిట్ దాటిపోతుందన్న భయంతో నిద్ర ఆపుకుని తొక్కొద్దు. వచ్చే నెల ఇంకో బ్రెవే ఉంటుంది. పారిస్–బ్రెస్ట్–పారిస్ 1891లో మొదలైంది, ఇప్పటికీ నాలుగేళ్ళకోసారి జరుగుతూనే ఉంది, 1200 కిలోమీటర్లు. అది మీకోసం ఎదురుచూస్తుంది, తొందరేం లేదు.

ఇప్పుడు ఫోన్. ఈ పార్ట్ మాత్రం స్కిప్ చేయొద్దు ప్లీజ్.

నేను పడిపోయాక కొన్ని నిమిషాలు స్పృహలో లేను. ఆ డీసీఎం డ్రైవర్ నా ఫోన్ తీశాడు. లాక్. ఎవరికి చెప్పాలో తెలీదు. నా పేరు తెలీదు, ఊరు తెలీదు, బ్లడ్ గ్రూపు తెలీదు. 108 వచ్చింది, ఆస్పత్రికి చేర్చారు. అమ్మకి ఫోన్ వెళ్ళేసరికి ఏడయింది. ఆ రెండు గంటలూ అమ్మ నాకు ఫోన్ చేస్తూనే ఉంది. రోజూ ఆరింటికి ఫోన్ చేసేవాణ్ణి, ఆ రోజు చేయలేదు. రింగ్ అవుతోంది, ఎత్తట్లేదు. నా ఎముక ఆరు వారాల్లో అతుక్కుంది. ఇప్పటికీ నేను రైడ్‌కి వెళ్తే అమ్మ నిద్రపోదు.

కాబట్టి ఇప్పుడే వీడియో పాజ్ చేసి ఫోన్ తీయండి. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో "ఎమర్జెన్సీ" అని వెతకండి. పేరు, బ్లడ్ గ్రూపు, అలర్జీలు, ఇద్దరి నంబర్లు అందులో పెట్టండి. ఐఫోన్ అయితే హెల్త్ యాప్‌లో మెడికల్ ఐడీ, దాంట్లో "లాక్‌లో ఉన్నప్పుడు చూపించు" అనేది ఆన్ చేయాలి. పెట్టాక ఫోన్ లాక్ చేసి, ఎమర్జెన్సీ బటన్ నొక్కి, నిజంగా కనిపిస్తోందా అని చెక్ చేయండి. మన ఊళ్ళలో చాలామందికి అక్కడ నొక్కాలని తెలీదు కాబట్టి నేను ఇంకో పని కూడా చేశాను. లాక్ స్క్రీన్ వాల్‌పేపర్ మీదే తెలుగులో "అమ్మ" అని రాసి నంబర్ పెట్టాను. ఫోన్ పగిలిపోతే? అదే వివరం ఒక కాగితం మీద రాసి, లామినేషన్ చేయించి సీటు బ్యాగ్‌లో ఒకటి, హెల్మెట్ లోపల ఒకటి పెట్టాను.

వాట్సాప్ లైవ్ లొకేషన్ చాలామంది పెడతారు, మంచిదే. కానీ అది 15 నిమిషాలు, గంట, 8 గంటలు, ఈ మూడే ఇస్తుంది. 200 రైడ్ పదమూడున్నర గంటలు కదా. అంటే సరిగ్గా మీరు అలిసిపోయే టైమ్‌కి, చీకటి పడే టైమ్‌కి అది ఆగిపోతుంది. మధ్యలో భోజనానికి ఆగినప్పుడు మళ్ళీ షేర్ చేయడం అలవాటు చేసుకోండి. ఇంట్లోవాళ్ళకి ఇంకో మాట ముందే చెప్పండి: "ఫలానా టైమ్‌కి ఫలానా ఊరు, అరగంట లేటయితే కంగారుపడొద్దు, రెండు గంటలు అయితే ఈ నంబర్‌కి చేయండి" అని. సిగ్నల్ లేని చోట్ల లైవ్ లొకేషన్ కదలకపోతే ఇంట్లోవాళ్ళ గుండె ఆగిపోతుంది.

నంబర్లు మూడు గుర్తుంచుకోండి. 112 దేనికైనా, 108 అంబులెన్స్, నేషనల్ హైవే మీద 1033. ఫోన్ చేసేటప్పుడు పక్కనున్న కిలోమీటర్ రాయి మీద ఏముందో చదివి చెప్పండి, వెతకడం తేలికవుతుంది.

తోటివాడు పడిపోతే? ముందు వెనకొచ్చే బండ్లని ఆపండి. యాభై, అరవై అడుగుల వెనక కాదు, ఇంకా దూరంగా ఒకరు లైటు ఊపుతూ నిలబడాలి. ఇందాక 70 మీటర్ల లెక్క చెప్పాను కదా, అది గుర్తుంచుకోండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టుకోండి. మెడకి దెబ్బ తగిలిందని అనుమానముంటే కదిలించొద్దు, హెల్మెట్ లాగొద్దు. లేచి "నాకేం కాలేదు, పోదాం పద" అంటాడు. తలకి దెబ్బ తగిలి ఉంటే నమ్మకండి. జరిగింది గుర్తులేకపోయినా, వాంతి వచ్చినా, మగతగా ఉన్నా నేరుగా ఆస్పత్రికే. ఆ రోజుకి సైకిల్ ముట్టుకోనివ్వొద్దు. పగిలిన హెల్మెట్ ఇంక పనికిరాదు, బయటికి బాగానే కనిపించినా సరే మార్చేయాలి.

"సాయం చేస్తే పోలీస్ కేసు మనమీదికి వస్తుందేమో" అని ఇంకా భయపడేవాళ్ళు ఉన్నారు. 2016లో సుప్రీంకోర్టు, తర్వాత 2019లో మోటారు వాహనాల చట్ట సవరణలో 134ఏ సెక్షన్, సాయం చేసినవాళ్ళకి రక్షణ ఇచ్చాయి. పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. ఆ డీసీఎం డ్రైవర్‌కి ఈ సెక్షన్ సంగతి తెలుసని నేననుకోను. లోడు లేటయినా ఆగాడు, అంబులెన్స్ వచ్చేదాకా నా తల పక్కన కూర్చున్నాడు. నంబర్ తీసుకోలేకపోయాను, అదే బాధ.

చివరగా, ఒంటరిగా వెళ్ళొచ్చా అని అడుగుతారు, ముఖ్యంగా అమ్మాయిలు. పగటిపూట, తెలిసిన రోడ్డులో, పైన చెప్పినవన్నీ చేసి వెళ్తున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. రాత్రి రైడ్ మాత్రం, ఆడ మగ తేడా లేకుండా, మొదటి రెండు మూడు సార్లు అనుభవమున్నవాళ్ళతో వెళ్ళండి. గ్రూపులో వెళ్ళినా ముందువాడి వెనక చక్రం పక్కకి మీ ముందు చక్రం వెళ్ళనివ్వకండి. వాడు కొంచెం జరిగితే పడేది మీరే. గుంత కనిపిస్తే వెనకవాళ్ళకి వినబడేలా అరవండి.

నా మీద ఎక్కువ వచ్చే కామెంట్ "అన్నా, మీరు ఇంకా తొక్కుతున్నారా?" అని. తొక్కుతున్నా. రేపు 300 ఉంది, పొద్దున నాలుగింటికి స్టార్ట్. లైట్లు రెండూ ఛార్జింగ్‌లో పెట్టాను, పట్టీలు ఉతికి ఆరేశాను, అమ్మకి టైమ్‌లు రాసిచ్చాను. కోతల టైమ్ కూడా మొదలైంది. ఇంక పడుకోవాలి. ఉంటాను ఫ్రెండ్స్, నమస్తే.